24 బైట్ల ఆబ్జెక్టు, 64 బైట్ల లైను: స్లాబ్ అలైన్‌మెంట్ పని డైరీ

లినక్స్ కెర్నల్ మాడ్యూల్ ఒకటి నెట్‌వర్క్ కనెక్షన్ల లెక్కలు రాస్తుంది. దానికి మెమరీ ఇచ్చేది స్లాబ్: ఒకే సైజు ఆబ్జెక్టులను మెమరీ పేజీల్లో పేర్చి ఇచ్చే కెర్నల్ భాగం. ఒక్కో ఆబ్జెక్టు ఎన్ని బైట్ల గుణిజం దగ్గర మొదలవ్వాలన్నదే అలైన్‌మెంట్. ఒక్కో కనెక్షన్‌కు 24 బైట్ల ఆబ్జెక్టు: ప్యాకెట్ కౌంటరుకు 8 బైట్లు, చివరి ప్యాకెట్ వచ్చిన సమయానికి 8, గుర్తింపు సంఖ్యకు 4, స్థితికి 4. నాలుగు కోర్ల మీద నాలుగు కనెక్షన్లు నడిపితే, ఒక్కో కోరు ఒంటరిగా నడిచినప్పటికంటే ఎన్నో రెట్లు నెమ్మదిస్తోంది. ఈ ఆబ్జెక్టులకు తాళాలు (ఒకరు రాస్తుంటే మరొకరిని ఆపే లాక్‌లు) లేవు, ఆబ్జెక్టులో ఎవరి కౌంటరు వారిదే. ఇదే పని చేయబోయేవారు ఎక్కడ ఆగి చూసుకోవాలో తెలియడం కోసం ఈ డైరీ.

అనుమానం ఫాల్స్ షేరింగ్ మీద. ప్రాసెసర్ మెమరీని బైట్ల చొప్పున కాక లైన్ల చొప్పున తెచ్చుకుంటుంది. లైనులో ఒక్క బైటు మార్చాలన్నా ముందు ఆ లైను మొత్తం ఆ కోరు సొంతం కావాలి, మిగతా కోర్ల దగ్గరున్న ప్రతులు చెల్లకుండా పోవాలి. రెండు కోర్ల కౌంటర్లు ఒకే లైనులో పడితే ఆ లైను అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. రెండు వాటాల ఇంట్లో నీళ్ల ట్యాంకులు వేరైనా మోటారు స్విచ్చి ఒక్కటే అయినట్టు.

దశ 1: బల్ల సిద్ధం చేయడం

యంత్రం బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాతది కొన్న ఇంటెల్ ఐ7-7700: నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, కోర్లన్నీ పంచుకునే 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ఎల్1, ఎల్2 క్యాష్‌లు ఒక్కో కోరుకు సొంతం). కెర్నల్ 6.8. మొదటి గంటలోనే కొలతలు జారడం మొదలైంది. అదే పరీక్ష పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. హీట్‌సింకు విప్పి చూస్తే థర్మల్ పేస్టు ఎండిపోయి సున్నపు పెచ్చులా రాలింది. స్పిరిట్‌తో తుడిచి కొత్తది పూశాకే అంకెలు నిలకడకు వచ్చాయి. అలైన్‌మెంట్ సంగతి తర్వాత, ముందు ఉష్ణోగ్రత చూసుకోండి.

1. ప్రాసెసర్ వేగం మారకుండా టర్బో ఆపాలి, వేగాన్ని నిర్ణయించే గవర్నరును పెర్ఫార్మెన్స్‌లో పెట్టాలి.
2. లైను సైజు అడగాలి. సిస్ (కెర్నల్ తన వివరాలు చూపే /sys డైరెక్టరీ) కింద సీపీయూ0/క్యాష్/ఇండెక్స్0లో కోహెరెన్సీ_లైన్_సైజ్ అనే ఫైలు ఉంటుంది. ఇక్కడ 64.
3. ఏ సీపీయూ నంబర్లు ఒకే కోరువో చెప్పే థ్రెడ్_సిబ్లింగ్స్_లిస్ట్ చూడాలి. ఈ యంత్రంలో 0, 4 ఒకే కోరు.
4. స్లబ్ (ఈ కెర్నల్లో స్లాబ్ పని చేసే కోడు) డీబగ్ ఏదీ పెట్టకుండా బూట్ చేయాలి. డీబగ్ ఉంటే రెడ్‌జోన్లు (కాపలా బైట్లు) చేరి ఆబ్జెక్టు సైజే మారిపోతుంది.

మూడో మెట్టు దాటేస్తే ఏమవుతుందో కూడా నడిపి చూశాను. సీపీయూ 0, సీపీయూ 4లకు థ్రెడ్లు కట్టేసి ఒకే లైను మీద రాయిస్తే నష్టం పెద్దగా కనబడదు. ఆ రెండూ ఒకే ఎల్1ను వాడుకుంటాయి కాబట్టి లైను ఎక్కడికీ కదలదు. అంతా బాగుందన్న తప్పుడు సర్టిఫికెట్టు చేతికొస్తుంది. 0, 1, 2, 3 మీదే నడపాలి.

మాడ్యూల్ కూలితే యంత్రం మొత్తం పడిపోతుంది కాబట్టి క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్లో నడపాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆబ్జెక్టుల అమరిక చూడడానికి అది చాలు. సమయం కొలవడానికి మాత్రం పనికిరాలేదు. వర్చువల్ సీపీయూలు కోర్లు మారుతుంటాయి, కోర్ల మధ్య లైన్ల రాకపోకలు చూపే పెర్ఫ్ సీ2సీ అనే పనిముట్టుకు కావలసిన నమూనా ఈవెంట్లు లోపల అందలేదు. అమరిక వర్చువల్ మెషీన్లో, సమయం అసలు యంత్రం మీద అని విడగొట్టాను.

దశ 2: ఫ్లాగు పెట్టినా కదలని సమస్య

అందరూ మొదట చేసేదే చేశాను. ఒక రకం ఆబ్జెక్టుల నిల్వను సృష్టించే కేమెమ్_క్యాష్_క్రియేట్ పిలుపులో (ఈ నిల్వనూ క్యాష్ అనే అంటారు, ప్రాసెసర్ క్యాష్ వేరు) లైనుకు అలైన్ చేయమనే స్లాబ్_హెచ్‌డబ్ల్యూక్యాష్_అలైన్ ఫ్లాగు పెట్టి, మాడ్యూల్ మళ్లీ ఎక్కించి నడిపితే సమయంలో మార్పు లేదు.

సమయం మీద కుస్తీ పట్టేకంటే సిస్/కెర్నల్/స్లాబ్ కింద మన క్యాష్ పేరుతో ఉన్న డైరెక్టరీ తెరవడం మేలు. అందులో మూడు ఫైళ్లు చాలు: అలైన్, స్లాబ్_సైజ్ (ఒక్కో ఆబ్జెక్టు తీసుకునే చోటు), ఆబ్జ్స్_పర్_స్లాబ్ (ఒక స్లాబులో, అంటే ఇక్కడ ఒక పేజీలో, ఎన్ని). వచ్చినవి 32, 32, 128. లైను 64 అయితే అలైన్ 32 ఎందుకుంది?

జవాబు కెర్నల్ సోర్సులో క్యాలిక్యులేట్_అలైన్‌మెంట్ అనే చిన్న ఫంక్షన్లో ఉంది. ఫ్లాగు ఉంటే లైను సైజుతో మొదలుపెడుతుంది. ఆబ్జెక్టు అందులో సగానికి మించకపోతే అలైన్‌మెంటును సగం చేస్తుంది, మించే వరకు అలా సగం చేస్తూనే పోతుంది. 24 బైట్లు 32లో ఇముడుతాయి కాబట్టి 64 కాస్తా 32 అయింది. 24 బైట్లు 16లో పట్టవు కాబట్టి అక్కడ ఆగింది. 16 బైట్ల ఆబ్జెక్టయితే 16 వద్ద ఆగేది, అంటే లైనుకు నాలుగు. 40 బైట్లదైతే 64 దక్కేది.

అంటే ఈ ఫ్లాగు ఇచ్చే హామీ వేరు. చిన్న ఆబ్జెక్టు అనవసరంగా రెండు లైన్లలోకి చీలదు, అంతే. పక్కన ఎవరూ ఉండరని అది ఎక్కడా చెప్పలేదు. ఫ్లాగు లేకుండా 24 బైట్ల చొప్పున పేర్చితే ప్రతి 192 బైట్లకు, అంటే మూడు లైన్లకు, 8 ఆబ్జెక్టులు పడతాయి. వాటిలో 48వ బైటు దగ్గర మొదలయ్యేదీ, 120వ బైటు దగ్గర మొదలయ్యేదీ చీలుతాయి. ఎనిమిదింట రెండు. ఆబ్జెక్టు చీలినా 8 బైట్ల కౌంటరు మాత్రం చీలదు, ఎందుకంటే అది ఎప్పుడూ 8కి అలైన్ అయి ఉంటుంది. లైను దాటే అటామిక్ పని (మధ్యలో ఇంకో కోరు దూరకుండా ఒక్క దెబ్బలో చేసేది) ఎంత ఖరీదో తెలిసినవారికి ఈ మాట ఊరట.

సగం చేయడం కక్కుర్తిలా అనిపించవచ్చు గానీ లెక్క కడితే కెర్నల్‌దే న్యాయం. 10 లక్షల ఆబ్జెక్టులకు, 4 కేబీ పేజీలు నిండా నింపితే:

- ఫ్లాగు లేదు, 24 బైట్లు: పేజీకి 170, మొత్తం 5,883 పేజీలు, దాదాపు 23 ఎంబీ
- ఫ్లాగు ఉంది, 32 బైట్లు: పేజీకి 128, మొత్తం 7,813 పేజీలు, 30.5 ఎంబీ
- 64 అలైన్: పేజీకి 64, మొత్తం 15,625 పేజీలు, 61 ఎంబీ
- 128 అలైన్: పేజీకి 32, మొత్తం 31,250 పేజీలు, 122 ఎంబీ

దశ 3: నడిపిన ప్రతిసారీ వేరే అంకె

కేమెమ్_క్యాష్_క్రియేట్‌లో మూడో ఆర్గ్యుమెంటు అలైన్‌మెంటు. అక్కడ నేరుగా 64 ఇస్తే ఫ్లాగు లెక్కతో పనిలేదు. ఇచ్చే ముందు పాత రూపం ఎంత నష్టపరుస్తోందో గట్టిగా కొలవాలనుకుంటే అదే కుదరలేదు. ఒకసారి నడిపితే వేగంగా, మాడ్యూల్ దించి ఎక్కిస్తే నత్తనడక.

చిరునామాలు ముద్రించి చూడాలి. కెర్నల్ 4.15 నుంచి ముద్రణలో %పీ అసలు చిరునామా చూపదు, హ్యాష్ చేసిన అంకె చూపుతుంది. పరీక్ష వరకు %పీఎక్స్ వాడి, తర్వాత తప్పకుండా తీసేయాలి. అసలు చిరునామాలు కనబడగానే రెండు కారణాలు బయటపడ్డాయి.

ఒకటి, ఈ కెర్నల్లో స్లాబ్_ఫ్రీలిస్ట్_రాండమ్ ఆన్‌లో ఉంది. భద్రత కోసం ఖాళీ ఆబ్జెక్టుల జాబితా వరుసను చెదరగొడతారు. వరుసగా అడిగిన నాలుగు ఆబ్జెక్టులు పేజీలో నాలుగు మూలల నుంచి రావచ్చు. ఒకే లైనులో పడడం అదృష్టం మీద ఆధారపడుతోంది.

రెండు, విలీనం. మన క్యాష్ పేరు సిస్‌లో అసలు డైరెక్టరీ కాదు, కోలన్‌తో మొదలై 0000032తో ముగిసే పేరుకు లంకె. ఒకే సైజు, ఒకే లక్షణాలున్న క్యాష్‌లను స్లబ్ కలిపేస్తుంది. మన కౌంటరుకు లైనులో పొరుగు మన ఆబ్జెక్టే కానక్కర్లేదు, కెర్నల్లో ఇంకెవరిదైనా కావచ్చు. పరీక్షకు స్లాబ్_నోమెర్జ్ అని బూట్ కమాండులో ఇచ్చాను. 6.5 నుంచి ఒక్క క్యాష్‌కే పరిమితంగా స్లాబ్_నో_మెర్జ్ ఫ్లాగు కూడా ఉంది.

దాంతో ఒకే లైనులో పడిన చెడ్డ జంటను మనమే ఏరుకునే పద్ధతికి మారాను:

1. ఒకేసారి 512 ఆబ్జెక్టులు తీసుకోవాలి.
2. ఒక్కో చిరునామాను 64తో భాగించి, ఒకే భాగఫలం వచ్చిన రెండింటిని పట్టుకోవాలి.
3. పోలిక కోసం భాగఫలాలు బాగా దూరంగా ఉన్న మరో రెండింటిని పట్టుకోవాలి.
4. కోర్లు 1, 2కు కట్టిన రెండు థ్రెడ్లతో ఒక్కో కౌంటరును అటామిక్64_ఇంక్‌తో 10 కోట్ల సార్లు పెంచాలి.

దూరం జంటకు అర సెకనుకు కాస్త పైన. ఒకే లైను జంటకు 3 సెకన్లు దాటింది. ఎన్నిసార్లు నడిపినా ఇదే వరస. మీ యంత్రంలో అంకెలు వేరుగా ఉంటాయి, అంతరం మాత్రం దాక్కోలేదు.

దశ 4: 64 ఇచ్చాక మిగిలినది

అలైన్ 64, స్లాబ్_సైజ్ 64, పేజీకి 64. ఒకే లైను జంట ఇక దొరకదు. జంట పరీక్ష దూరం జంట వేగానికి వచ్చేసింది.

పక్కపక్క లైన్ల జంటను కూడా విడిగా చూడాలి. ఇంటెల్ ఎల్2లో జోడీ లైనును కూడా తెచ్చే ప్రీఫెచరు ఉంటుంది, అది 128 బైట్ల ముక్కను పూర్తి చేయాలని చూస్తుంది. అందుకే కొందరు 64 చాలదు, 128 ఇవ్వాలంటారు. ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ నియంత్రణ రిజిస్టరు) 0ఎక్స్1ఏ4లో, 0 నుంచి లెక్కిస్తే 1వ బిట్టు పెట్టి ఆ ప్రీఫెచరును ఆపి, మళ్లీ తెరిచి కొలిచాను. ఈ పనిభారానికి తేడా కొలతల ఊగిసలాటలోనే కలిసిపోయింది. 122 ఎంబీ రూపాన్ని అక్కడితో వదిలేశాను.

కానీ నాలుగు కోర్ల అసలు మాడ్యూల్ ఇంకా పూర్తి వేగం అందుకోలేదు. పెర్ఫ్ సీ2సీ నడిపాను. ఒక కోరు మార్చిన లైనును ఇంకో కోరు అడిగిన ఘటనలను హిట్‌ఎమ్ పేరుతో లెక్కేసి, ఏ లైను, ఏ ఆఫ్‌సెట్, ఏ ఫంక్షన్ అన్నది చూపుతుంది. జాబితాలో పైన ఒకే ఒక్క లైను, ఒకే ఒక్క ఆఫ్‌సెట్: మాడ్యూల్ మొత్తం ప్యాకెట్ల కౌంటరు. అందరూ దాన్నే పెంచుతున్నారు. ఇది ఫాల్స్ షేరింగ్ కాదు, నిజమైన పంపకమే. దాన్ని 64కు అలైన్ చేసినా, 4096కు చేసినా ప్రయోజనం సున్నా.

దాన్ని అలాక్_పర్‌సీపీయూతో తీసుకుని దిస్_సీపీయూ_ఇంక్‌తో పెంచేలా మార్చాను. ప్రతి సీపీయూకు తన ప్రతి. ఎక్స్86లో (ఇంటెల్ రకం ప్రాసెసర్లలో) అది లాక్ ప్రిఫిక్స్ లేని, అంటే అటామిక్ ఖర్చు పడని, ఒక్క ఇన్‌స్ట్రక్షన్. చదివేటప్పుడు అన్ని ప్రతులూ కూడుకోవాలి, ఆ ఖర్చు ఎప్పుడో ఒకసారి. ఒక జాగ్రత్త: ప్రతులు ఆన్‌లైన్ సీపీయూలకు కాదు, పాసిబుల్ సీపీయూలకు (ఎప్పటికైనా చేరగలవని కెర్నల్ లెక్కేసినవాటికి) పుడతాయి. సిస్‌లో పాసిబుల్ ఫైలు చూడాలి. ఇక్కడ 0-7, అంటే 8 × 8 = 64 బైట్లు.

ఇప్పటిదాకా మెమరీ లెక్క: 61 ఎంబీ, పైన 64 బైట్లు.

దశ 5: 10 లక్షల కనెక్షన్లతో బోల్తా

నాలుగు కనెక్షన్ల పరీక్ష నెగ్గింది గదా అని 10 లక్షల ఆబ్జెక్టులు సృష్టించి, నాలుగు థ్రెడ్లూ తమ వాటాలో యాదృచ్ఛికంగా ఒకటి ఎంచుకుని మార్చే లోడ్ పెట్టాను. 64 అలైన్ రూపం పాత 24 బైట్ల రూపం కంటే నెమ్మది. తేడా ఆరో వంతు దాకా ఉంది.

మారతహళ్లి ఇంట్లో నాతో ఉండే మా బావ డేటాబేసుల మనిషి. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే వెంటనే పట్టుకున్నాడు.

"ఒకే లైనులో ఉన్నంత మాత్రాన నష్టం లేదు కదా. ఇద్దరూ ఒకే సమయంలో రాస్తేనే కదా. నీ 10 లక్షల్లో అలా తగులుకునే జంటలు ఎన్ని?"

"దాదాపు లేవు."

"మరి అందరికీ 64 ఎందుకిచ్చావు?"

మజ్జిగలోకి వచ్చేసరికి క్యాష్ లెక్క అతనే వేసేశాడు. 32 కేబీ ఎల్1లో 24 బైట్లవి 1,365 పడతాయి, 32 బైట్లవి 1,024, 64 బైట్లవి 512. ఎల్3ది కూడా అదే కథ: 8 ఎంబీలో 23 ఎంబీ డేటాలో మూడో వంతు పడుతుంది, 61 ఎంబీ డేటాలో ఎనిమిదో వంతు. తగులుకోని జంటలను విడదీయడానికి, పనికొచ్చే డేటా పట్టాల్సిన ప్రాసెసర్ క్యాష్‌ను ఖాళీతో నింపాను.

24, 32 రూపాల మధ్య తేడా ఊగిసలాటలోనే ఉంది. చీలిక వల్ల పోయేదీ ఇరుకుగా పేర్చడం వల్ల వచ్చేదీ చెల్లుకు చెల్లు. 7.5 ఎంబీ తక్కువ కాబట్టి ఫ్లాగు తీసేశాను. పెద్ద క్యాష్‌లకు అలవాటుగా ఆ ఫ్లాగు తగిలించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

దశ 6: ఎవరు అడిగారన్నదే అసలు మెలిక

స్లాబ్ అన్న ఆలోచన జెఫ్ బాన్విక్ 1994లో సన్ఓఎస్ కోసం రాసినది. లినక్స్‌లో ఆ దారిలో స్లాబ్, స్లోబ్, స్లబ్ అని మూడు అమలులు నడిచాయి. స్లాబ్ (స్లోబ్ అంతకుముందే 6.4లో పోయింది) 6.8లో తొలగిపోయి, 2007లో 2.6.22తో వచ్చిన స్లబ్ ఒక్కటే మిగిలింది. ఈ చరిత్ర చెప్పడానికి కారణం స్లబ్ అలవాటు ఒకటి: ప్రతి సీపీయూకు తన చురుకైన పేజీ ఉంటుంది, ఆ సీపీయూ మీద అడిగినవన్నీ ముందుగా ఆ పేజీ నుంచే వస్తాయి.

మరి నాలుగు కనెక్షన్ల పరీక్షలో నాలుగు కోర్ల ఆబ్జెక్టులు ఒకే పేజీలోకి ఎలా వచ్చాయి? మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు, దాన్ని ఎక్కించే ఇన్‌స్‌మోడ్ ఆదేశం నడిచిన ఒక్క కోరే నలుగురి తరఫునా అడిగింది. కోరుకు కట్టేశాక ఎవరి థ్రెడ్లో వారే అడిగేలా ఆ పిలుపును రెండు వరుసలు కిందకు జరిపాను. ఫ్లాగు లేదు, అలైన్ 8, సైజు 24. ముద్రించిన చిరునామాల్లో చివరి మూడు హెక్స్ అంకెలు పక్కన పెడితే నాలుగూ నాలుగు వేర్వేరు పేజీలు. సమయం 64 అలైన్ రూపంతో సమానం. ఖర్చయిన మెమరీ ఏమీ లేదు.

అయితే ఇది ఎల్లకాలం నిలిచే హామీ కాదు. ఆబ్జెక్టులను వేరే కోర్లు విడుదల చేసేలా పెట్టి, చాలాసేపు కనెక్షన్లు తెరుస్తూ మూస్తూ నడిపాను. విడుదలైన ఆబ్జెక్టు తన పాత పేజీకే చేరుతుంది. సగం ఖాళీ అయిన పేజీ పార్షియల్ జాబితాలోకి వెళ్లి, తర్వాత ఇంకో సీపీయూ చేతికి వస్తుంది. కాసేపటికి ఒకే లైనులో ఇద్దరి ఆబ్జెక్టులు మళ్లీ కనిపించాయి. కాసేపుండి పోయే కనెక్షన్లకు దానివల్ల ఇబ్బంది లేదు. యంత్రం లేచినప్పటి నుంచి ఆగకుండా నడిచే కొన్నింటికే ఇబ్బంది.

దశ 7: ఆర్మ్ మీద ఒక చూపు

బావ దగ్గరి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్లో ఉన్న ఆర్మ్ ప్రాసెసర్ కార్టెక్స్ ఏ72 లైను కూడా 64 బైట్లే. కానీ దాని 6.1 కెర్నల్లో కేమలాక్‌తో (సొంత క్యాష్ లేకుండా మెమరీ అడిగే పిలుపుతో) 24 బైట్లు అడిగితే కేమలాక్-128 నుంచి, అంటే 128 బైట్ల చోటు ఇచ్చింది. సమస్యే లేదనిపిస్తుంది. కానీ అది వేగం కోసం పెట్టిన కనీస సైజు కాదు. ప్రాసెసర్ క్యాష్‌తో పొందిక లేని డీఎంఏ పరికరం (నేరుగా మెమరీని ముట్టుకునేది) మెమరీలో రాసినప్పుడు ఆ లైన్లను క్యాష్ నుంచి కొట్టేయాలి. అదే లైనులో పొరుగు డేటా ఉంటే అదీ పోతుంది. అక్కడ అలైన్‌మెంట్ లేకపోతే నెమ్మదించడం కాదు, డేటా పాడవుతుంది. 6.5లో చిన్న డీఎంఏ బఫర్లకు బౌన్స్ బఫర్ (మధ్యలో నకలు పెట్టుకునే చోటు) దారి పెట్టి ఆ కనీస సైజును తగ్గించే వీలు కల్పించారు. 6.6కు మార్చాక చిన్న సైజులు ప్రత్యక్షమయ్యాయి, వాటితో పాటు ఒకే లైను జంటలూ. ఆర్మ్‌లో పాత కెర్నల్ మీద కొలిచి నిశ్చింతగా ఉన్నవారు కొత్త దాని మీద మళ్లీ కొలవాలి.

దశ 8: ఇప్పుడున్న రూపం

1. మామూలు కనెక్షన్లు: ఫ్లాగు లేని 24 బైట్ల క్యాష్, వాడే కోరే అడుగుతుంది. 10 లక్షలకు 5,883 పేజీలు, 23 ఎంబీ.
2. ఆగకుండా నడిచేవి: అలైన్ 64తో వేరే క్యాష్, నో_మెర్జ్ ఫ్లాగుతో. ఇవి ఎక్కువలో ఎక్కువ 64. 64 × 64 = 4,096 బైట్లు, ఒక్క పేజీ.
3. మొత్తం కౌంటరు: పర్‌సీపీయూ, 64 బైట్లు.

దశ 4లో 61 ఎంబీ దగ్గరున్న లెక్క 23 ఎంబీ పైన 4 కేబీకి దిగింది. ఒక్క పేజీలోనే ఇమడాలంటే రెండో క్యాష్‌ను ఒకే కోరు నుంచి నింపాలి. నాలుగు కోర్ల నుంచి అడిగితే ఒక్కోదానికి తన పేజీ తెరుచుకుని నాలుగు పేజీలవుతాయి. పెద్ద నష్టం లేదు, స్లాబ్స్ ఫైలులో 4 కనబడితే కంగారు పడనక్కర్లేదు.

జంట పరీక్ష అర సెకను దగ్గరే ఉంది. 10 లక్షల లోడ్ పాత వేగానికి తిరిగి వచ్చింది. పెర్ఫ్ సీ2సీ జాబితాలో ఇప్పుడు పైన ఉన్నది మాడ్యూల్ ఆబ్జెక్టు కాదు, కనెక్షన్లను వెతికే హ్యాష్ పట్టికలో బకెట్ తాళాలు (పట్టికలో ఒక్కో అరకు ఒక లాక్). 4 బైట్ల చొప్పున లైనుకు పదహారు ఉన్నాయి. తర్వాతి దశ వాటిదే. బకెట్లు ఎన్ని, ఏ కోరు ఏ బకెట్టును ఎంత తరచుగా ముట్టుకుంటుంది అన్న లెక్క తీశాకే వాటి అలైన్‌మెంట్ జోలికి వెళ్తాను.